మావారి బావి భాష

పెళ్ళయిన ప్రతి ఆడపిల్లా ఎంతో కొంత కొత్త భాష నేర్చుకోక తప్పదు. పుట్టింట్లో చారన్నది అత్తవారింట్లో రసమవుతుంది. పుట్టింట్లో గరిటె అన్నది అక్కడ తెడ్డవుతుంది. నాకా బెడద లేదు. మా పుట్టిల్లూ తెనాలే, అత్తవారిల్లూ తెనాలే, మధ్యన నాలుగు వీధులు. నాకు చిక్కొచ్చి పడిందల్లా మావారి ఉద్యోగం భాషతో.

మా పెళ్ళి 1981లో అయింది. పెళ్ళిచూపులనాడు మా బామ్మ "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగింది. "చమురు బావులు తవ్వే కంపెనీలో ఇంజనీరండీ" అన్నారు మధ్యవర్తి. బామ్మకి చెవుడు. చమురూ కంపెనీ గాల్లో కలిసిపోయి, బావులు తవ్వడం ఒక్కటే ఆవిడ చెవిన పడింది. "నుయ్యి తవ్వడానికి ఇంజనీరింగు చదవాలిటే? కాలం ఎలా మారిపోయిందీ!" అని ఆశ్చర్యపోయింది. బతికున్నన్నాళ్ళూ నన్ను చూడవచ్చినప్పుడల్లా "మీ ఆయనకి నీళ్ళు పడ్డాయా?" అని అడిగేది.

పెళ్ళయిన మూడోవారానికల్లా మావారు గుజరాత్‌లో అంక్లేశ్వర్ దగ్గర రిగ్గుకి వెళ్ళిపోయారు. రిగ్గంటే బావి తవ్వే యంత్రాలూ, ఆ పైన ఆకాశంలోకి లేచిన ఇనుప గోపురమూ అన్నీ కలిపి. నేను తెనాలిలో అత్తయ్యగారి దగ్గర. ఉత్తరాల కాపరమన్నమాట. మొదటి ఉత్తరం వచ్చింది. అత్తయ్యగారు మర్యాద తెలిసినావిడ, చదవనన్నారు. "క్షేమ సమాచారం వరకూ చదివి వినిపించు చాలు" అన్నారు. నేను చదివాను.

"ఇక్కడ నేను క్షేమం. నాలుగు రోజులనుంచి పగలూ రాత్రీ ఫిషింగు చేస్తున్నాం. ఇంకా చిక్కలేదు. చిక్కేదాకా కదలడానికి లేదు."

అత్తయ్యగారు చేతిలోని వత్తుల పళ్ళెం కింద పెట్టేశారు. శాకాహారపు కొంప మాది. "ఉద్యోగం చెయ్యమని పంపిస్తే చేపలు పడుతున్నాడుటే వీడు? అదీ పగలూ రాత్రీనూ!" అని ఆ పూట భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. నేనేం సమాధానం చెప్పను? నాకూ అదే అనుమానంగా ఉంది.

రెండో ఉత్తరం ఇంకా ఘోరం. "నిన్న రాత్రి కెల్లీని పక్కన పెట్టి వచ్చి పడుకునేసరికి పన్నెండయింది" అని రాశారు. ఇది మాత్రం నేను అత్తయ్యగారికి వినిపించలేదు. తలుపు గడియ పెట్టుకుని పన్నెండుసార్లు చదువుకున్నాను. కెల్లీ ఎవరు? పేరు చూస్తే ఆంగ్లో ఇండియన్ పిల్లలా ఉంది. రాత్రి పన్నెండింటి దాకా ఆవిడతో ఈయనకేం పని? పోనీ ఉంటే ఉందనుకుందాం, కొత్త పెళ్ళాానికి ఇంత ధైర్యంగా రాస్తారా? 

మూడో ఉత్తరంలో "నీకు తెలుసా, ఈ వారం డైమండు బిట్టు తెప్పించారు, బోలెడు ఖరీదు" అని ఉంది. అది కెల్లీకే అయి ఉంటుందని నేను నిశ్చయించేసుకున్నాను.

ఆయన సెలవు మీద వచ్చారు. నేను మొహం ముడుచుకుని కాఫీ ఇచ్చాను. కారణం తెలిసి ఆయన నవ్విన నవ్వుకి కాఫీ లుంగీ మీద ఒలికింది. కెల్లీ అంటే 40 అడుగుల ఇనుప గొట్టమట! నాలుగు పలకలో, ఆరు పలకలో ఉంటుందట. బావిలోకి దిగిన గొట్టాల వరసనంతా పట్టుకుని తిప్పేది అదేనట. డైమండు బిట్టంటే రాయిని తొలిచే ఉలి. కఠినమైన రాతిపొర తగిలినప్పుడు మామూలు ఇనుము అరిగిపోతుంది గనక వజ్రపు ముక్కలు పొదిగిన ఉలి వేస్తారట. "మీ బావికున్న పాటి యోగం నాకు లేదన్నమాట" అన్నాను, బోసి ముక్కు పుడక తడుముకుంటూ.

ఇక ఫిషింగు. బావిలో గొట్టం విరిగి కింద పడినా, ఎవరి చేతిలోంచైనా పనిముట్టు జారి పడినా దాన్ని "ఫిష్" అంటారు. పైనుంచి కిలోమీటర్ల లోతున, కంటికి కనపడని చోట, ఆ చేపని గాలం వేసినట్టు పట్టి లాగాలి. అది బయటికి వచ్చేదాకా తవ్వకం ఆగిపోయినట్టే. నూతిలో పడ్డ చేదని గేలంతో తీసినవాళ్ళకెవరికైనా ఇది అర్థమవుతుంది. అత్తయ్యగారికి అలాగే చెప్పాను. "ఆ ముక్క ముందే రాసి చావచ్చుగా!" అన్నారావిడ, కొడుకు పరువు దక్కినందుకు సంతోషిస్తూనే.

1984లో మావారికి రాజమండ్రి బదిలీ అయి, నేనూ చంటివాడితో కాపరానికి వచ్చాను. అప్పటికి కృష్ణా గోదావరి తీరమంతా బావులు తవ్వుతున్నారు. కోనసీమ కొబ్బరితోటల మధ్య ఇనుప గోపురాలు లేచాయి. పధ్నాలుగు రోజులు రిగ్గు మీద, పధ్నాలుగు రోజులు ఇంట్లో. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ స్నేహితులు వచ్చి కూర్చుని ఆ భాషలోనే మాట్లాడుకునేవారు. టిఫిన్లు అందిస్తూ నేను వింటూండేదాన్ని. ఒకనాడు పట్టుదల వచ్చి, పాలూ పెరుగూ పద్దులు రాసే పుస్తకం వెనకవైపునుంచి ఆ మాటలు రాయడం మొదలుపెట్టాను. మాట ఒకవైపు, నాకర్థమైన తెలుగు ఒకవైపు.

పేజీ నిండేసరికి అది జంతుశాలలా తయారయింది. డాగ్ హౌసు అంటే రిగ్గు మీద డ్రిల్లరు కూర్చునే చిన్న గది. కుక్క ఉండదు, ఒక్కోసారి మావారుంటారు. ర్యాట్ హోలు అంటే ఆ కెల్లీని పని లేనప్పుడు నిలబెట్టి ఉంచే కన్నం. మౌస్ హోలు అంటే తరవాత అతకబోయే గొట్టాన్ని సిద్ధంగా ఉంచుకునే కన్నం. క్యాట్ వాక్ అంటే గొట్టాలు పైకి లాగేందుకు పరచిన బాట. మంకీ బోర్డు అంటే గోపురంలో సుమారు 90 అడుగుల ఎత్తున ఉన్న పలక. దాని మీద ఒక మనిషి నడుముకి పట్టా కట్టుకుని నిలబడి, పైకి వచ్చిన గొట్టాలని ఒడుపుగా లాగి పక్కకి ఆనించాలి. గ్యాసు వెళ్ళే పైపులైనులో మురికి గీకడానికి లోపలికి తోసేదాని పేరు పిగ్గు. ఇవి కాక ఎవరూ తవ్వని కొత్తచోట ధైర్యం చేసి తవ్వే బావి వైల్డ్ క్యాటు, అంటే అడవిపిల్లి. అందులో ఏమీ పడకపోతే డ్రై హోలు.

మా అబ్బాయి మూడోక్లాసులో "మా నాన్నగారు" అనే వ్యాసంలో "మా నాన్నగారు కుక్కగదిలో కూర్చుంటారు. ఆయన ఎలకకన్నం దగ్గర పనిచేస్తారు. ఆయన స్నేహితుడు కోతిపలక ఎక్కుతారు" అని రాశాడు. టీచరుగారు ఎర్రసిరాతో "పెద్దలను గౌరవించవలెను" అని రాసి పంపారు. నేను పద్దుపుస్తకం పట్టుకెళ్ళి చూపించి, అబద్ధం ఒక్కటీ లేదని ఒప్పించాల్సి వచ్చింది.

ఈ పేర్లేమిటండీ అని మావారినడిగితే ఆయన అభిప్రాయం చెప్పారు. అమెరికాలో పెన్సిల్వేనియాలో డ్రేక్ అనే ఆయన 1859లో చమురుకోసం తవ్విన బావి లోతు 70 అడుగులైనా లేదు. దాని వెనకాల అలాంటి బావులు తవ్వడానికి పోగయినవాళ్ళు పొలం పనివాళ్ళూ, కూలివాళ్ళూ. వాళ్ళకి తెలిసినవి పెరట్లో కుక్కా, గాదెలో ఎలకా, వంటింట్లో పిల్లీ. కళ్ళెదుట ఉన్న వాటి పేర్లే పెట్టుకున్నారు. చేతికి దొరికిన పీపాల్లో చమురు నింపి అమ్ముకున్నారు. అందుకే ఇవాళ్టికీ లోకమంతా చమురుని పీపాల్లోనే లెక్కపెడుతుంది. పీపాకి 42 అమెరికా గాలన్లు, అంటే సుమారు 159 లీటర్లు. నిజానికి పీపా ఎక్కడా కనపడదు, లెక్కలో మాత్రమే ఉంటుంది. మనం కుంచాలు పోయినా కుంచెడు బియ్యం అన్నట్టే.

రౌండ్ ట్రిప్పు అన్నదానికి నేను చాలాకాలం విహారయాత్ర అనుకున్నాను. తీరా చూస్తే, అరిగిన బిట్టు మార్చడానికి బావిలోని గొట్టాలన్నీ పైకి లాగి మళ్ళీ దింపడమట. ఒక్కో గొట్టం సుమారు 9 మీటర్లు. మూడేసి కలిపి ఒకసారి లాగుతారు. బావి 3,000 మీటర్ల లోతుంటే 110 సార్లు లాగాలి, 110 సార్లు దింపాలి. ఆ తరవాత ఆయన "రాత్రంతా రౌండ్ ట్రిప్పు" అంటే నేను కొబ్బరినూనె కాచి భుజాలకి రాయడం నేర్చుకున్నాను.

అన్నిటికన్నా నాకు బాగా ఒంటబట్టిన మాట మడ్డు. మడ్డంటే బురద. కానీ ఎంత మడిగా తయారుచేస్తారో చూడండి! నీళ్ళలో బెంటొనైటు అనే మెత్తటి మట్టి కలుపుతారు. బరువు రావడానికి బెరైటీసు పొడి కలుపుతారు. ఆ బెరైటీసు మన రాయలసీమలో మంగంపేటలో దొరుకుతుంది. ప్రపంచంలోనే అతి పెద్ద నిక్షేపాల్లో అదొకటి. ఈ బురదని గొట్టాల్లోంచి లోపలికి పంపిస్తే బిట్టు కన్నాల్లోంచి చిమ్మి, గొట్టానికీ బావి గోడకీ మధ్య సందులోంచి పైకి వస్తుంది. వస్తూ వస్తూ తొలిచిన రాతి పొడిని మోసుకొస్తుంది. కాలిన బిట్టుని చల్లబరుస్తుంది. గోడకి పూతలా పట్టి కూలకుండా కాపాడుతుంది. అన్నిటినీ మించి, తన బరువుతో అడుగునున్న గ్యాసుని పైకి రాకుండా అణిచి ఉంచుతుంది. బురద చిక్కదనం చూడటానికి ఒక గరాటు ఉంటుందిట. కొలత ప్రకారం పోసి, ఎన్ని సెకండ్లకి కారిందో చూస్తారు. మంచినీళ్ళయితే 26 సెకండ్లు. "ఇంతేనా, దోశపిండి గరిటెతో ఎత్తి జారవిడిచి చూడటమే కదా" అన్నాను. "సరిగ్గా అంతే. నిన్ను మడ్ ఇంజనీరుగా వేసుకోవచ్చు" అన్నారు. పెళ్ళయినప్పటినుంచీ మావారు నాకిచ్చిన పెద్ద బిరుదు అదే.

అలా ఆ మాటలు మా ఇంటి మాటలైపోయాయి. మా ఆడపడుచుకి సంబంధాలు చూసే రోజుల్లో వెళ్ళినవారు ఉత్తచేతులతో తిరిగొస్తే అత్తయ్యగారే "ఇదీ డ్రై హోలేనే" అనేవారు.

1986 వానాకాలంలో ఒకనాడు మావారు డ్యూటీనుంచి వచ్చి, మామూలుగా చేసే స్నానమైనా చెయ్యకుండా మంచం మీద వాలిపోయారు. మర్నాడు సాయంత్రానికి గాని లేవలేదు. అప్పటికి అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. "ఏమిట్రా అంత నీరసం?" అనడిగారు. "ఏం లేదమ్మా. మొన్న రాత్రి చిన్న కిక్కొచ్చింది. చంపేశాం" అన్నారు.

"కిక్కా!" అన్నారు అత్తయ్యగారు. మన వైపు కిక్కంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదుగా. "తాగుడు కూడా మొదలుపెట్టావుట్రా? పైగా ఎవర్ని చంపేశారు?" అని లబలబలాడారు. ఇంక చూడండి, ఆ సాయంత్రమంతా మా ఇంట్లో నవ్వులే నవ్వులు. మావారూ నవ్వారు. పద్దుపుస్తకంలో "కిక్కు: తన్ను. తాగుడు కాదు" అని రాసి, నేనింకోసారి నవ్వుకున్నాను. ఎవరు ఎవర్ని తన్నారో, దేన్ని చంపారో అడగాలని తోచనేలేదు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. 1995 జనవరి 8, ఆదివారం. సంక్రాంతి ఇంకా ఆరు రోజులుంది. మావారు కోనసీమలో డ్యూటీలో ఉన్నారు. నేను అరిసెలకి బియ్యం నానబోసుకున్నాను. పాశర్లపూడి దగ్గర బావి పేలి మంటలు లేచాయని రాత్రికి మా వీధికి కబురొచ్చింది. ఆ రోజుల్లో జేబులో టెలిఫోన్లు ఎక్కడివి? మా వీధిలో ఫోనున్న ఇల్లు ఒకటి. ఎన్నిసార్లు తిప్పినా అటువైపు ఎవరూ దొరకలేదు. కోనసీమలో రిగ్గులు ఒకటి కాదు. ఈయన ఆ బావి దగ్గరున్నారో, ఇంకో బావి దగ్గరున్నారో నాకు తెలీదు. బావులకి ఊరి పేరూ, పక్కన ఒక అంకే ఉంటాయి. ఆ డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆయన చెప్పిన అంకె నేను చెవిన పెట్టలేదు. ఇన్ని మాటలు రాసుకున్నదాన్ని, కావలసిన అంకె ఒక్కటీ రాసుకోలేదు!

మా వీధిలోనే అటువంటి ఉద్యోగాల కుటుంబాలు ఇంకో మూడున్నాయి. ఆడవాళ్ళమంతా ఒకే ఇంట్లో చేరాం. అందులో ఒకమ్మాయి కొత్తగా కాపరానికి వచ్చింది. "అక్కయ్యగారూ, మీ పుస్తకంలో అన్నీ రాసుంటాయటగా. బ్లో అవుటంటే ఏమిటండీ?" అనడిగింది. పుస్తకం తెచ్చాను. ఆ మాట లేదు. ఆయన ఎప్పుడూ ఇంట్లో అనలేదు, నేను రాయలేదు. సెలవులో ఉన్న వాళ్ళ సహోద్యోగి ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన చెప్పారు.

"బావిలో మడ్డు బరువు చాలకపోతే అడుగునున్న గ్యాసు దాన్ని తోసుకుని లోపలికి వస్తుందమ్మా. దాన్ని కిక్కంటాం. వెంటనే పసికట్టి, బావి నోరు మూసి, బరువైన మడ్డు పంపి అణిచెయ్యాలి. దాన్నే బావిని చంపడం అంటాం. చంపలేకపోతే అదే బ్లో అవుటు. నిప్పురవ్వ తగిలితే ఇంక అంతే."

నా చేతిలో పుస్తకం తెరిచే ఉంది. "కిక్కు: తన్ను. తాగుడు కాదు."

అమ్మలారా, ఆ క్షణం నేను భయపడింది ఆ రాత్రి గురించి కాదు. తొమ్మిదేళ్ళ కిందటి ఆ వానరాత్రి గురించి. ఇవాళ కోనసీమ ఆకాశాన్ని ఎర్రగా కాలుస్తున్న మంటకీ, ఆనాడు మావారికీ మధ్య ఉన్నది కొంత బురదా, కొంత సమయస్ఫూర్తీనూ. ఆయన ఆ గండం దాటి ఇంటికొచ్చి పడుకుంటే నేను ఉప్మా చేసిపెట్టి, కిక్కని నవ్వాను!

తెల్లవారుజామున జీపు డ్రైవరు వచ్చి తలుపు తట్టాడు. "అమ్మగారూ, సారుది ఆ బావి కాదండి. క్షేమంగా ఉన్నారండి" అన్నాడు. నానబోసిన బియ్యం ముందు కూర్చుని అప్పుడు ఏడ్చాను.

ఆ మంట మార్చి 15 దాకా ఆరలేదు. రెండు నెలల పైన. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. విదేశాలనుంచి నిపుణులు వచ్చారు. ఆ ఏడు అక్కడివాళ్ళకి భోగిమంట వెయ్యాల్సిన పని లేకపోయిందని ఎవరో చేదుగా అన్నారు. మా రాజమండ్రి వాళ్ళకి ఎగువ అంటే భద్రాచలం, దిగువ అంటే ధవళేశ్వరం. ఈ చమురు వాళ్ళకీ ఎగువా దిగువా ఉన్నాయి. వెతకడం, తవ్వడం అప్ స్ట్రీము. శుద్ధిచేసి అమ్మడం డౌన్ స్ట్రీము. పొయ్యి దగ్గర నిలబడ్డ నేను దిగువకంతా దిగువన ఉన్నాను. ఎగువన వరదొస్తే దిగువవాళ్ళకి కబురు చేస్తారే, మరి నాకెవరూ ఎందుకు చెయ్యలేదు?

మావారు ఇంటికి రాగానే అదే అడిగాను. "ఎనభయ్యారులో కిక్కొచ్చినప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

ఆయన నా మొహంలోకి చూసి, "చెప్పాను కదా!" అన్నారు.

నిజమే. చెప్పారు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చెప్పారు. నాకు అర్థంకాని మాటలో చెప్పారంతే. బహుశా తన భయం తనకి కూడా అర్థం కాకూడదనే ఆ మాటలో చెప్పుకున్నారేమో! కుక్కలూ పిల్లులూ ఎలకలూ అంటూ పేర్లు పెట్టుకున్న ఆ పాతకాలపు కూలీలు కూడా అంతేనేమో. 90 అడుగుల ఎత్తున గాల్లో నిలబడేవాడు దాన్ని కోతిపలక అనుకుని నవ్వుకోకపోతే, పొద్దున్నే లేచి ఎలా ఎక్కుతాడు?

ఆ రోజు మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. రిగ్గునుంచి రాగానే బావి భాషలో ఎంతైనా చెప్పుకోవచ్చు. చివర్న మాత్రం ఒక్క వాక్యం తెలుగులో చెప్పాలి. "భయం లేదు" అనో, "భయమేసింది" అనో. ఆయన రిటైరయ్యేదాకా ఆ మాట నిలబెట్టుకున్నారు. ఆ పద్దెనిమిదేళ్ళలో "భయమేసింది" అని మూడుసార్లు చెప్పారు. ఆ మూడు తేదీలూ నా పుస్తకంలో ఉన్నాయి.

అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. మీ అందరికీ పనికొచ్చేది గనక చెబుతాను. గంధకం తక్కువున్న చమురుని వాళ్ళు తీపి అంటారు, ఎక్కువుంటే పులుపు. పుల్లగ్యాసు అనగానే నాకు పులిహోర గుర్తొచ్చి నోరూరింది. అందులో ఉండేది హైడ్రోజన్ సల్ఫైడు అనే విషం. కాస్త ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కుకి వాసన పసిగట్టే శక్తే పోతుంది. వాసన ఆగిపోయింది కదా అనుకున్నవాడు ప్రమాదం తప్పిందనుకుంటాడు. నిజానికి అప్పుడే మీద పడుతుంది.

మన వంటింటి గ్యాసు సంగతి దీనికి సరిగ్గా ఎదురు. సిలిండర్లో ఉండేది ప్రొపేనూ బ్యూటేనూ. వాటికి సొంత వాసన దాదాపు ఉండదు. పైపుల్లో ఇళ్ళకి వచ్చే సహజవాయువుకీ ఉండదు. 1937లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊళ్ళో ఒక బడి కింద గ్యాసు కారి పోగయింది. వాసన లేదు గనక ఎవరికీ తెలీలేదు. అది పేలి దాదాపు 300 మంది పోయారు. అందులో ఎక్కువమంది పిల్లలే. ఆ తరవాతే గ్యాసులో వాసన కలిపి తీరాలని అక్కడ చట్టం చేశారు. ఇవాళ మన పొయ్యి దగ్గర గుప్పుమనే ఆ పాడు కంపు అలా కలిపే మెర్కాప్టాను అనే మందుది.

అది చదివిననాటినుంచి నేను ఆ కంపుని తిట్టడం మానేశాను. ఆ పరిశ్రమ మొత్తానికీ నాకు బాగా నచ్చిన మాట అదొక్కటే. దానికి నిఘంటువు అక్కర్లేదు. చదువురాని ముసలమ్మకీ, నాలుగేళ్ళ పిల్లకీ ఒకేలా అర్థమవుతుంది. "భయపడండి" అని ముక్కుసూటిగా చెబుతుంది.

మావారు 2013లో రిటైరయ్యారు. ఇంక ఈ పుస్తకంతో పని లేదనుకున్నాను. 2019లో ఒక రాత్రి రెండింటికి ఆయన నన్ను తట్టి లేపారు. "ఏమోయ్, గుండెల్లో చిన్న కిక్కులా ఉంది" అన్నారు.

లైటు వేశాను. మొహమంతా చెమట. "తెలుగులో చెప్పండి" అన్నాను.

ఒక్క నిమిషం ఆగి, "భయమేస్తోంది" అన్నారు.

మళ్ళీ ఇంకో ప్రశ్న వెయ్యలేదు నేను. తెల్లవారనిద్దామనీ అనుకోలేదు, వాయువేమో వామునీళ్ళు తాగండనీ అనలేదు. పక్కింటి అబ్బాయిని లేపి, పావుగంటలో కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కిక్కుని వెంటనే పసికట్టాలని అరుగు మీద కూర్చున్న ఆయన చెప్పిన మాట దారి పొడుగునా నా చెవుల్లో మోగుతూనే ఉంది. సమయానికి తెచ్చారన్నారు డాక్టరుగారు.

మర్నాడు ఆ డాక్టరుగారే గుండె బొమ్మ గీసి, రక్తనాళంలో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోయిందనీ, లోపలికి సన్నటి గొట్టం పంపి స్టెంటు పెట్టామనీ వివరించారు. మావారు పడుకునే శ్రద్ధగా విన్నారు. పైపూ, ప్రెషరూ, అడ్డూ అనే మాటలు వినేసరికి ఆయన మొహంలో కళ వచ్చింది. "అయితే మీరు పిగ్గు పంపించారన్నమాట" అన్నారు.

డాక్టరుగారు కంగారుగా నా వైపు చూశారు, మందుల ప్రభావమేమోనని.

"ఏం లేదండీ, ఆయన బాగానే ఉన్నారు. మా ఇంటి భాష అది" అన్నాను.

ఇంటికొచ్చాక పద్దుపుస్తకం వెతికి తీశాను. పాలపద్దులు వెలిసిపోయాయి గాని వెనక పేజీలు బాగానే ఉన్నాయి. "కిక్కు: తన్ను. తాగుడు కాదు" అన్నచోట పక్కన చోటుంది. "వెంటనే లేవాలి" అని రాశాను.